రిపోర్టులో పెరిగింది హార్మోనా, దాన్ని మోసే మాంసకృత్తా?

నందికొండ: ఒళ్లు అకారణంగా బరువెక్కుతోందనో, ఎంత తిన్నా నీరసం తగ్గడం లేదనో, బీపీ అదుపులోకి రావడం లేదనో పట్నం వెళ్లి రక్తపరీక్షలు చేయించుకునే వారికి రిపోర్టులో ఒక్కోసారి ‘సీరం కార్టిసాల్’ అనే వరుస కనిపిస్తుంది. దాని ఎదురుగా ఉన్న అంకె పక్కన పైకి చూపే బాణం గుర్తు ఉందంటే ఇంటిల్లిపాదీ హడలిపోవడం ఖాయం. మూత్రపిండాల మీద గడ్డ ఉందేమో, మెదడులో గడ్డ ఉందేమో అని స్కానింగుల దాకా వెళ్లిన తర్వాత, చివరికి ఏమీ లేదని తేలే సందర్భాలు వైద్యులకు కొత్త కాదు. అప్పటికి అప్పు చేసిన డబ్బు ఎలాగూ తిరిగి రాదు.

ఇందులో రక్తం తీసినవారి తప్పు గాని, యంత్రం తప్పు గాని ఉండకపోవచ్చు. అంకె నిజమే అయి ఉంటుంది. అయితే ఆ అంకె దేన్ని లెక్కపెట్టిందన్నదే ప్రశ్న. కార్టిసాల్ అనే హార్మోను రక్తంలో ఒంటరిగా తిరగదు. దాన్ని వీపున వేసుకుని మోసే ఒక మాంసకృత్తు ఉంది. ఆ మోసే మాంసకృత్తు పెరిగినా, తరిగినా రిపోర్టులోని అంకె కూడా దానితో పాటే పెరుగుతుంది, తరుగుతుంది. హార్మోను చేసే పనిలో మాత్రం తేడా ఉండకపోవచ్చు.

కార్టిసాల్‌ను తయారుచేసేవి రెండు మూత్రపిండాల మీదా టోపీల్లా కూర్చుని ఉండే అధివృక్క గ్రంథులు. ఇంగ్లీషు వైద్యులు వీటినే అడ్రినల్ గ్రంథులంటారు. జ్వరం వచ్చినా, దెబ్బ తగిలినా, ఆపరేషన్ జరిగినా, పస్తు ఉన్నా మనిషి తట్టుకుని నిలబడేది ఈ హార్మోను బలంతోనే. రక్తపోటు పడిపోకుండా, చక్కెర మరీ తగ్గిపోకుండా చూసేది ఇదే. తెల్లవారుజామున పెరగడం మొదలై పొద్దున లేచే వేళకు ఎక్కువగా ఉంటుంది. పొద్దు గూకేసరికి తగ్గుతూ వచ్చి, నడిరాత్రి అట్టడుగుకు చేరుతుంది. అందుకే ఈ పరీక్షకు రక్తం ఉదయం 8 గంటల ప్రాంతంలో తీస్తారు. మధ్యాహ్నం మూడింటికి తీసిన రక్తాన్ని ఉదయపు కొలతతో పోల్చి చూస్తే అదో పొరపాటు.

ఉదయం వేళ ఆరోగ్యవంతుల రక్తంలో ఇది డెసిలీటరుకు సుమారు 5 నుంచి 25 మైక్రోగ్రాముల వరకు ఉంటుందని చాలా ల్యాబులు రాస్తాయి. ల్యాబును బట్టి ఈ హద్దులు కొంచెం అటూ ఇటూ అవుతాయి. ఈ మొత్తంలో నూటికి 80 నుంచి 90 వంతులు ఒకే ఒక మాంసకృత్తు పట్టుకుని ఉంటుంది. దాని పేరు కార్టికోస్టెరాయిడ్ బైండింగ్ గ్లోబ్యులిన్. ముద్దుపేరు ట్రాన్స్‌కార్టిన్, పొట్టిపేరు సీబీజీ. మరికొంత భాగాన్ని ఆల్బుమిన్ అనే ఇంకో మాంసకృత్తు వదులుగా పట్టుకుంటుంది. ఏ పట్టూ లేకుండా స్వేచ్ఛగా తిరుగుతూ కణాల్లోకి వెళ్లి పని చేసేది నూటికి సుమారు 5 వంతులు మాత్రమే.

కట్ట ఎత్తు పెంచితే కాలువ నీరు పెరుగుతుందా?

సాగర్ డ్యామ్ కింద బతికే వారికి ఈ సంగతి చెప్పడం కష్టం కాదు. జలాశయం పూర్తి నీటిమట్టం 590 అడుగులు. డ్యామ్ మీద గేజి చూపించేది నిల్వ ఉన్న నీటిని. ఆయకట్టు చివరి పొలానికి ఆ గేజితో పని లేదు. కాలువలోకి ఎంత వదిలారన్నదే అతనికి కావాలి. ఇప్పుడు కట్టను ఇంకో ఇరవై అడుగులు ఎత్తు చేశారనుకుందాం. జలాశయంలో నీరు ఎక్కువ నిలుస్తుంది, గేజి అంకె పైకి పోతుంది. కాలువలో వదిలే నీరు మాత్రం ఎప్పటంతే. రక్తంలో సీబీజీ పెరగడమంటే కట్ట ఎత్తు పెరగడమే. మామూలు రక్తపరీక్ష చూసేది గేజిని. ఒంటికి కావలసింది కాలువ నీరు.

కట్ట పెంచినప్పుడు మొదట్లో కాలువకు నీరు తగ్గదా అని ఎవరైనా అడగవచ్చు. తగ్గుతుంది, కానీ ఒంట్లో లస్కరు చాలా చురుకైనవాడు. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి స్వేచ్ఛగా తిరిగే కార్టిసాల్‌నే గమనిస్తుంది, మాంసకృత్తు పట్టుకున్నదాన్ని లెక్కలోకి తీసుకోదు. కాస్త తగ్గిందని తెలియగానే అధివృక్క గ్రంథులకు ఉత్తరువు పంపి, లోటు పూడేదాకా తయారు చేయిస్తుంది. ఆ తర్వాత స్వేచ్ఛగా ఉన్నది ఎప్పటంతే, మొత్తం మాత్రం ఎక్కువ.

రక్తంలో ఇలాంటి మాంసకృత్తు ఒకటి ఉందని 1950లలోనే పరిశోధకులు గుర్తించారు. ట్రాన్స్‌కార్టిన్ అనే పేరును 1959లో అమెరికాలో శ్లాన్‌వైట్, శాండ్‌బర్గ్ అనే ఇద్దరు తమ పరిశోధన పత్రంలో వాడారు. అంటే నందికొండ దగ్గర డ్యామ్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసి, పనులు సాగుతున్న రోజులవి. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఈ మాంసకృత్తు సంగతి మాత్రం ఇన్నేళ్లయినా పెద్దాసుపత్రుల గోడలు దాటి బయటికి రాలేదు.

ఆడవారికే ఎక్కువ చిక్కు

సీబీజీని తయారుచేసేది కాలేయం. ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోను ఎక్కువైతే కాలేయం దీన్ని ఎక్కువగా తయారుచేస్తుంది. గర్భిణులకు నెలలు నిండే సమయానికి ఇది రెండు మూడు రెట్లవుతుంది. గర్భిణుల్లో స్వేచ్ఛగా తిరిగే కార్టిసాల్ కూడా కొంత పెరుగుతుంది గాని, రిపోర్టులో కనిపించే పెరుగుదలలో పెద్ద వాటా మోసే మాంసకృత్తుదే. పైగా గర్భిణికి బరువు పెరగడం, పొట్ట మీద చారలు పడటం, కొందరికి బీపీ రావడం మామూలే. కార్టిసాల్ ఎక్కువయ్యే కుషింగ్ జబ్బు లక్షణాలు కూడా ఇవే. పక్కన ఈ రిపోర్టు కూడా చేరితే పొరబడటానికి ఇంకేం కావాలి?

గర్భిణి సంగతి కనీసం చూస్తేనే తెలుస్తుంది. గర్భనిరోధక మాత్రలు వాడే ఇల్లాలి సంగతి అలా కాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్ మాత్రలో ఈస్ట్రోజెన్ ఉంటుంది. మందుల షాపుల్లో దొరికే ఇలాంటి మాత్రలు చాలావాటిలోనూ ఉంటుంది. ఆశా కార్యకర్త ఇచ్చిన మాత్రలు రోజూ వేసుకునే ఇల్లాలు, డాక్టరు ‘ఏవైనా మందులు వాడుతున్నావా అమ్మా’ అని అడిగితే లేదంటుంది. ఆమె దృష్టిలో జబ్బుకు వేసుకునేవే మందులు. అత్తగారో ఆడబిడ్డో పక్కన ఉంటే ఆ మాట అసలే నోటికి రాదు. అక్కడే పొరపాటుకు పునాది పడుతుంది.

కుషింగ్ జబ్బు ఉందో లేదో తేల్చడానికి వైద్యులు చేసే పరీక్షల్లో ఒకదానిలో రాత్రి డెక్సామెథసోన్ మాత్ర ఇచ్చి, మరునాడు ఉదయం రక్తం తీస్తారు. ఆరోగ్యవంతులకైతే ఆ మాత్ర దెబ్బకు కార్టిసాల్ బాగా తగ్గిపోవాలి. తగ్గకపోతే అనుమానించాలి. గర్భనిరోధక మాత్రలు వాడే స్త్రీలలో ఈ పరీక్ష సగం మందికి జబ్బు లేకున్నా ఉన్నట్టు చూపించవచ్చని అమెరికాలోని ఎండోక్రైన్ సొసైటీ 2008లో వెలువరించిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలను 6 వారాల ముందే మానేసి పరీక్షకు రావాలన్నది అందులోని సూచన. అలా మానే ముందు వేరే కుటుంబ నియంత్రణ పద్ధతి ఏదైనా చూసుకోవాలని వేరే చెప్పనక్కరలేదు.

ఇది అనవసరపు భయం వైపు జరిగే పొరపాటు. దీనికి తిరగబడిన పొరపాటు ఇంకా ప్రమాదకరం. కార్టిసాల్ తయారీ నిజంగానే తగ్గిపోయే జబ్బు ఒకటుంది. 1855లో లండన్ వైద్యుడు థామస్ అడిసన్ దీన్ని వివరించాడు గనుక ఆయన పేరే దానికి స్థిరపడింది. క్షయ పురుగు అధివృక్క గ్రంథులను తినేయడం వల్ల మన దేశంలో ఇప్పటికీ ఈ జబ్బు వస్తూనే ఉంది. ఉదయపు కొలత 3 మైక్రోగ్రాములకు తక్కువ ఉంటే లోపం ఉందని, 15 దాటితే లోపం ఉండకపోవచ్చని వైద్యులు సుమారుగా లెక్క వేస్తారు. లోపం ఉన్న మనిషి గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే మోసే మాంసకృత్తు పెరిగి, అంకె కూడా పెరిగి, అంతా బాగానే ఉన్నట్టు కనిపించవచ్చు. బాణం గుర్తు లేని రిపోర్టును ఎవరూ రెండోసారి చూడరు కదా!

కాలేయం చెడితే, జ్వరం ముదిరితే

మాంసకృత్తు పెరగడమే కాదు, తరగడమూ ఉంది. నాటుసారాతో కాలేయం గట్టిపడిపోయిన వారిలో సీబీజీ తయారీ తగ్గుతుంది. మూత్రంలో మాంసకృత్తులు పోయే మూత్రపిండాల జబ్బులో ఇది కూడా కొట్టుకుపోతుంది. ఒళ్లంతా చీము విషం ఎక్కినప్పుడు, కాలిన గాయాలప్పుడు బాగా పడిపోతుంది. ఇలాంటివారి రిపోర్టులో మొత్తం కార్టిసాల్ తక్కువ కనిపిస్తుంది. అది చూసి స్టెరాయిడ్లు మొదలుపెట్టాలా వద్దా అన్నది పెద్ద వైద్యులకే తలనొప్పి. అమెరికాలో హమ్రాహియన్ అనే వైద్యుడు, ఆయన సహచరులు ప్రాణాపాయ స్థితిలో ఉన్న 66 మందిని పరీక్షించి 2004లో ఫలితాలు ప్రకటించారు. రక్తంలో మాంసకృత్తులు తగ్గిపోయిన వారిలో నూటికి దాదాపు 40 మందికి మొత్తం కార్టిసాల్ తక్కువ కనిపించింది. అయితే వారి గ్రంథులు భేషుగ్గా పని చేస్తున్నాయి, స్వేచ్ఛగా తిరిగే కార్టిసాల్‌కు ఏ లోటూ లేదు.

అసలు ఈ మాంసకృత్తు ఒట్టి కూలీ కాదని, ఎక్కడ దించాలో తెలిసిన కూలీ అని ఆ తర్వాతి పరిశోధనలు చెప్పాయి. ఒంట్లో ఎక్కడైనా వాపు, చీము ఉంటే అక్కడికి చేరిన తెల్లకణాలు వదిలే ఒక ఎంజైము ఈ మాంసకృత్తును కోసేస్తుంది. దాంతో అది మోస్తున్న కార్టిసాల్ సరిగ్గా వాపు ఉన్న చోటే కింద పడుతుంది. జ్వరంతో ఒళ్లు వేడెక్కినా దీని పట్టు సడలి సరుకు వదిలేస్తుంది. ప్రకృతి చేసిన ఈ ఏర్పాటు ముందు మన బట్వాడా ఏర్పాట్లు దిగదుడుపే.

పుట్టుకతోనే ఈ మాంసకృత్తు లేనివారు కూడా అరుదుగా ఉన్నారు. ఇటలీ నుంచి వెళ్లి ఆస్ట్రేలియాలో స్థిరపడిన ఒక కుటుంబంలో 39 మందిని పరీక్షిస్తే ముగ్గురిలో ఇది దాదాపు లేనేలేదని 2001లో బయటపడింది. 14వ క్రోమోజోము మీదున్న సెర్పినా-6 అనే జన్యువులో లోపమే దీనికి కారణం. ఆ కుటుంబంలో చాలామందికి ఎడతెగని అలసట, తక్కువ రక్తపోటు కనిపించాయి. రెంటికీ సంబంధం ఎంత అన్నది పూర్తిగా తేలలేదు. వారి మొత్తం కార్టిసాల్ చూసినవారెవరైనా అడిసన్ జబ్బు అనుకోవలసిందే. ఇలాంటివారికి జీవితాంతం స్టెరాయిడ్లు రాసిస్తే ఎంత అన్యాయం!

కీళ్ల నొప్పుల గోలీల కథ

నల్లగొండ జిల్లాలో ఈ పరీక్ష గురించి మాట్లాడేటప్పుడు ఇంకో సంగతి దాచడానికి వీల్లేదు. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు గిడసబారిన పల్లెలున్న జిల్లా ఇది. నడుము, మోకాళ్ల నొప్పులు ఇంటింటి బాధ. నాట్లు, కలుపు పనులు ఆగవు. రెండు రోజుల్లో లేచి తిరగాలంటే ఊళ్లో సూది వేసే వారి దగ్గరికే వెళ్తారు. ఆ సూదిలోనూ, పొట్లం కట్టి ఇచ్చే చిన్న తెల్ల గోలీల్లోనూ స్టెరాయిడ్ ఉండటం తరచు జరిగేదే. నొప్పి మాయమవుతుంది, ఆకలి పెరుగుతుంది, ముఖం నిండుగా కనిపిస్తుంది. మందు గుణం ఇచ్చిందని సంతోషిస్తారు. కీళ్లవాతానికి కార్టిజోన్ ఇచ్చి చూడటం 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో మొదలైంది. 1950లో దానికి సంబంధించిన పరిశోధకులు ముగ్గురికి నోబెల్ బహుమతి కూడా వచ్చింది. మందు గొప్పదే, పొట్లం కట్టి పేరు చెప్పకుండా ఇవ్వడంలోనే ఉంది ప్రమాదం.

నెలల తరబడి బయటి నుంచి స్టెరాయిడ్ అందుతుంటే, పని లేదనుకుని అధివృక్క గ్రంథులు నిద్రపోతాయి. అప్పుడు రక్తం తీస్తే ఏమవుతుందో చూడండి. డెక్సామెథసోన్ వాడుతున్న మనిషి రక్తంలో కార్టిసాల్ అంకె అడుక్కు పోతుంది. ఎందుకంటే గ్రంథి నిద్రలో ఉంది, డెక్సామెథసోన్‌ను ఈ పరీక్ష పట్టలేదు. ప్రెడ్నిసలోన్ వాడుతున్న మనిషికి దీనికి భిన్నంగా జరగవచ్చు. అది చాలా పరీక్షల్లో కార్టిసాల్ వేషం వేసుకుని లెక్కలో కలిసిపోతుంది. అది సీబీజీ మీద కూడా కూర్చుంటుంది. డెక్సామెథసోన్ అలా కూర్చోదు. ఒకే నొప్పికి రెండు రకాల గోలీలు, రిపోర్టులో రెండు రకాల అబద్ధాలు!

అంతకంటే ముఖ్యమైన సంగతి, ఇలా చాలాకాలం వాడినవారు వార్తలు చదివి భయపడి ఒక్కసారిగా గోలీలు మానేయరాదు. నిద్రలో ఉన్న గ్రంథి వెంటనే లేవదు. వాంతులు, నీరసం మొదలై, రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఆసుపత్రిలో చూపించుకుని, వైద్యుడు చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావాలి. ఆ పొట్లమో, ఖాళీ అట్టో దగ్గరుంటే పారేయకుండా తీసుకుపోవడం మంచిది. పేరు తెలిస్తే వైద్యునికి సగం పని అయినట్టే.

మరి అసలు కాలువ నీటిని కొలిచే దారి లేదా? ఉంది. థైరాయిడ్ పరీక్షలు చేయించుకున్నవారికి రిపోర్టులో ‘ఫ్రీ టీ4’ అనే మాట గుర్తుండే ఉంటుంది. థైరాయిడ్ హార్మోనుకూ ఇలాగే మోసే మాంసకృత్తు ఉంది, అదీ ఈస్ట్రోజెన్‌తో పెరుగుతుంది. అందుకని స్వేచ్ఛగా ఉన్నదాన్నే చూసే పరీక్ష ఇప్పుడు మామూలైపోయింది. కార్టిసాల్ విషయంలో అంత సులువు కాలేదు. సన్నని పొర గుండా వడపోసి స్వేచ్ఛగా ఉన్నదాన్ని విడిగా కొలిచే పద్ధతి ఉంది గాని, సమయం, ఖర్చు ఎక్కువ. రక్తంలో సీబీజీ ఎంత ఉందో కొలిచి, మొత్తం కార్టిసాల్‌తో కలిపి లెక్కగట్టే సూత్రాన్ని బెల్జియంలో కూలెన్స్, ఆయన సహచరులు 1987లో ఇచ్చారు. సీబీజీని కొలవడానికి రోగి నుంచి మామూలుగా తీసే రక్తమే చాలు. అయితే ఈ పరీక్ష ప్రతి ల్యాబులో జరిగేది కాదు. ప్రభుత్వం 2021 జూన్‌లో నల్లగొండతో సహా 19 జిల్లాల్లో డయాగ్నొస్టిక్ కేంద్రాలు తెరిచి 57 రకాల పరీక్షలు ఉచితంగా ప్రారంభించినప్పుడు పల్లెల వారికి ఎంతో మేలు జరిగింది. సీబీజీ వంటి అరుదైన పరీక్షలు మాత్రం ఏ దేశంలోనైనా పెద్ద ల్యాబుల పనే. హార్మోన్ల జబ్బులకు ప్రత్యేక వైద్యులు కావాలంటే సాగర్ వారు సుమారు 150 కిలోమీటర్లు ప్రయాణం చేసి హైదరాబాదులోని ఉస్మానియాకో, నిమ్స్‌కో వెళ్లాలి.

నిజానికి చాలామందికి ఆ అరుదైన పరీక్ష అవసరం పడదు. నోరు విప్పి నాలుగు మాటలు చెబితే చాలు. గర్భం, పిల్లలు పుట్టకుండా వాడే మాత్ర గాని సూది గాని, కామెర్లు, తాగుడు, కాళ్ల వాపులు, కీళ్ల నొప్పుల గోలీలు, ఆయాసానికి పీల్చే మందు, గజ్జికి రాసే ట్యూబు, వీటిలో ఏది ఉన్నా రక్తం ఇచ్చే ముందే డాక్టరుకు చెప్పాలి. పీల్చే మందుల్లోనూ, చర్మానికి రాసే ట్యూబుల్లోనూ స్టెరాయిడ్ ఉంటుందని చాలామందికి తెలియదు. ఇంటివారి ముందు చెప్పుకోలేని సంగతి అయితే వారిని కాసేపు బయట కూర్చోబెట్టమని అడిగే హక్కు రోగికి ఉంది.

రక్తంతో పని లేని పరీక్షలు కూడా రెండున్నాయి. 24 గంటల మూత్రాన్ని ఒక డబ్బాలో పట్టి ఇస్తే అందులోని కార్టిసాల్‌ను కొలుస్తారు. మూత్రంలోకి వచ్చేది స్వేచ్ఛగా ఉన్నదే గనుక మోసే మాంసకృత్తు గొడవ అంతగా ఉండదు. ఒక్క బొట్టు పారబోసినా లెక్క తప్పుతుంది కాబట్టి పొలం పనికి వెళ్లేవారికి ఇది కుదరని పని. ఇంట్లో ఉండే రోజు చూసుకోవాలి.

రెండోది ఉమ్మి పరీక్ష. ఉమ్మిలోకి కూడా చేరేది స్వేచ్ఛగా తిరిగే కార్టిసాలే. రాత్రి 11 గంటల ప్రాంతంలో, ఇంట్లో పడుకోబోయే ముందు, ల్యాబువారు ఇచ్చిన దూది ముక్కను రెండు మూడు నిమిషాలు నోట్లో ఉంచుకుని, తిరిగి గొట్టంలో వేసి మూత పెట్టాలి. దానికి ముందు పళ్లు తోమరాదు, చిగుళ్ల నుంచి రక్తం వస్తే కొలత చెడుతుంది. ఆ సాయంత్రం బీడీ, చుట్ట, గుట్కా, పొగాకు ముట్టరాదు. రాత్రి కాపలా డ్యూటీలు చేసి పగలు పడుకునేవారికి ఈ పరీక్ష పనికి రాదు, వారి ఒంట్లో గడియారం తిరగబడి ఉంటుంది. సాధారణంగా రెండు రాత్రులు పట్టి ఇవ్వమంటారు. ఆ గొట్టాలను మరునాడు ల్యాబుకు పంపితే చాలు, రోగి తెల్లవారుజాము బస్సు ఎక్కనక్కరలేదు.